మూలికా మందులూ డాక్టరు రాసిన మాత్రలూ కలిపి వాడుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే బీపీ మాత్ర, దాని వెనకే గ్లాసుడు మెంతుల నీళ్లు. రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర, దాంతోపాటు చెంచాడు త్రిఫల చూర్ణం. మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్ల దినచర్య ఇలాగే నడుస్తుంది. ఆయుర్వేదం గొప్పదా, ఇంగ్లీషు మందు గొప్పదా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టడం లేదు. రెండూ ఒకే ఒంట్లోకి పోయినప్పుడు ఒకదాని పనిని ఇంకొకటి ఎక్కడ పెంచుతుంది, ఎక్కడ చెడగొడుతుంది అన్నదే ఇక్కడి విషయం. ఒక్క షరతు: ఇది చదివి ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి, మోతాదు మార్చకండి.

## ఆకులూ వేర్లే కదా, వాటికి సైడ్ ఎఫెక్టులు ఏముంటాయి?

మన పెరటి బిళ్ల గన్నేరునే తీసుకోండి. షుగరుకు మంచిదని పరగడుపున దాని ఆకులో పూలో నమిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఇదే మొక్కను పరీక్షకు పెట్టారు. జమైకాలో దీన్ని షుగరుకు వాడతారని విని మొదలుపెట్టిన పని అది. ఎలుకల్లో షుగరు చెప్పుకోదగ్గంత తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారిలో బయటపడిందే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు. అదే మొక్క నుంచి తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో ఈరోజుకీ వాడుతున్నారు, అదీ ఆసుపత్రిలో, కొలిచి, రక్త పరీక్షలు చేస్తూ. ఆ జాతి రసాయనాలున్న ఆకును మనం కొలతా గిలతా లేకుండా నమిలేస్తున్నాం.

గుండెకు రాసే డిగాక్సిన్ ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క నుంచి వచ్చింది. మెట్‌ఫార్మిన్‌కు మూలం ఐరోపాలో పాతకాలం నుంచి వాడుకలో ఉన్న గలీగా అనే మొక్క. ఒక ఆకు నిజంగా పనిచేస్తోందంటే అది ఒంట్లో ఏదో ఒకదాన్ని మారుస్తోందనే అర్థం. అలాంటప్పుడు అది మీ మాత్ర జోలికి మాత్రం పోదని ఎలా అనుకుంటాం?

## అయితే వంటలో పసుపు, వెల్లుల్లి, అల్లం, మిరియాలు కూడా మానేయాలా?

అక్కర్లేదు. చారులో మిరియాలు, పప్పులో పసుపు, తాలింపులో వెల్లుల్లి మీరు పుట్టినప్పటి నుంచీ తింటున్నవే. డాక్టరు మీ మందు మోతాదు సరిచూసినప్పుడు ఆ తిండి కూడా అందులో కలిసే ఉంది. ఇబ్బంది వంటింటి సరుకు క్యాప్సూల్‌గా, గాఢమైన కషాయంగా, పరగడుపు రసంగా మారినప్పుడు మొదలవుతుంది.

పసుపు సంగతే చూడండి. మామూలుగా అందులోని కర్కుమిన్ రక్తంలోకి ఎక్కేది చాలా తక్కువ. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లో ఉండే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, ఒంటికి పట్టే కర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగింది. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే పసుపు క్యాప్సూళ్లలో చాలావాటికి పైపరిన్ కలపడానికి కారణం అదే. కూరలో చిటికెడు పసుపుకూ, డబ్బా మీద 95 శాతం కర్కుమిన్, పైపరిన్ సహితం అని రాసి ఉన్న క్యాప్సూల్‌కూ పేరు ఒకటే, లెక్క వేరు. కర్కుమిన్‌ను ఒంటికి పట్టించిన పైపరిన్ మీ మాత్రను కూడా ఎక్కువగా పట్టించవచ్చు. ఆ సంగతి కింద గంటల తేడా ప్రశ్నలో వస్తుంది.

## నాన్నగారికి గుండె కవాటం మార్చారు, అసిట్రోమ్ వాడుతున్నారు. ఏమేం చూసుకోవాలి?

ఈ పేజీలో అందరికంటే జాగ్రత్తగా ఉండాల్సింది వీళ్లే. అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో వచ్చే అంకె చూసి డాక్టరు మోతాదు రాస్తారు. చాలామందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. కృత్రిమ కవాటం పెట్టినవాళ్లలో కొందరికి ఇంకాస్త ఎక్కువ ఉండాలి. ఆ సన్నటి హద్దు దాటి పైకి పోతే రక్తస్రావం, కిందికి పోతే కవాటం మీద గడ్డ. రెండూ ప్రాణం మీదికి వచ్చేవే.

ఈ మందులు విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. మునగాకు, తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. దానర్థం ఆకుకూరలు మానేయమని కాదు. ఈ ఒక్క మాట దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది: ఎవరో చెప్పారని నెల రోజులు ఆకుకూర ముట్టరు, ఐఎన్ఆర్ పెరిగిపోతుంది. తర్వాత ఇంకెవరో చెప్పారని రోజూ పొద్దున మునగాకు పొడి రెండు చెంచాలు మొదలుపెడతారు, ఐఎన్ఆర్ పడిపోతుంది. వారానికి మూడు రోజులు తినే అలవాటుంటే మూడు రోజులే తినండి. ఎప్పుడూ ఒకేలా తినడం ముఖ్యం.

వెల్లుల్లి క్యాప్సూళ్లు, జింకో అనే చెట్టు ఆకుల మందు, పసుపు క్యాప్సూళ్లు, మోతాదు మించిన అల్లం ఇవన్నీ రక్తస్రావం వైపు తోసే అవకాశం ఉన్నవి. గుండెకని రాసే, రక్తం గడ్డకట్టనివ్వని ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. స్టెంటు వేయించుకున్నవాళ్లు "కొలెస్ట్రాల్ కరగడానికి" అంటూ వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, తేనె, యాపిల్ సైడర్ వెనిగర్ కలిపి కాచిన సీసా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు. వాట్సాప్‌లో దీనికి ఉన్నంత ప్రచారం బహుశా ఇంక దేనికీ లేదు. స్టెంటు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టకపోతేనే మేలు.

ఎపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులకు మాటిమాటికీ ఐఎన్ఆర్ చూడనక్కర్లేదు. సౌకర్యమే, కానీ మూలికతో తేడా వచ్చినా ముందుగా పట్టిచ్చే అంకె కూడా లేదని గుర్తుంచుకోండి.

చిగుళ్ల నుంచి రక్తం, ఆగని ముక్కు రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లగా కమిలిన మచ్చలు, తారులాంటి నల్లటి విరేచనం, ఎప్పుడూ లేనంత తలనొప్పి: వీటిలో ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

## షుగరు మాత్రతో పాటు కాకర రసం, మెంతులు, పొడపత్రి వాడొచ్చా?

వీటిలో షుగరు తగ్గించే గుణం లేదని ఎవరూ అనడం లేదు. ఇబ్బందల్లా ఆ గుణంతోనే. మెంతుల మీద మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోనే ఏళ్ల క్రితం పరిశోధనలు జరిగాయి, షుగరు తగ్గడం కనిపించింది. కాకరకాయ సంగతి 1979లోనే లాన్సెట్ పత్రికకు ఎక్కింది: క్లోర్‌ప్రొపమైడ్ అనే షుగరు మాత్ర వాడుతున్న ఒకావిడకు కాకరకాయ తోడై షుగరు అదనంగా పడిపోయింది.

మీరు వేసుకునే మాత్ర ఏ రకమో తెలుసుకోవడం మొదటి పని. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ అయితే కథ వేరు. ఇవి తిన్నా తినకపోయినా షుగరును కిందికి లాగుతాయి. దానికి గ్లాసుడు కాకర రసం తోడై, పైగా ఆరోజు ఏకాదశి ఉపవాసమైతే? చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, మాట తడబాటు, తర్వాత స్పృహ తప్పడం. పెద్దవాళ్లలో ఇది రాత్రి నిద్రలో జరిగితే పక్కవాళ్లకు కూడా తెలియదు.

వాడాలనే అనుకుంటే డాక్టరుకు చెప్పి, ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి. కాకర, నేరేడు గింజల పొడి, పొడపత్రి, నేలవేము అన్నీ కలిపిన చూర్ణంతో మొదలుపెడితే తేడా వచ్చినప్పుడు దోషి ఎవరో తేలదు. మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో గ్లూకోమీటరుతో పరగడుపునా, తిన్న రెండు గంటలకూ చూసి కాగితం మీద రాయండి. 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

చూర్ణం మొదలుపెట్టాక షుగరు బాగా తగ్గిందని మాత్ర ఆపేసేవాళ్లు ఇంకో రకం. తగ్గించింది చూర్ణమా, మాత్రా, రెండూ కలిసా అన్నది మాత్ర ఆపిన నెలకు గానీ తెలియదు. ఇక ఇన్సులిన్ తప్పనిసరైన టైప్ 1 పిల్లల విషయంలో ప్రయోగాలకు చోటే లేదు. ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణాపాయం.

## బీపీకి, గుండెకు మందులు వాడేవాళ్లు ఏ మూలికకు దూరంగా ఉండాలి?

ముందు చెప్పాల్సింది అతిమధురం. దగ్గుకు, గొంతుకు, ఎసిడిటీకి ఇంట్లో వాడే వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందులోని గ్లిసరైజిన్ మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నీరు పోవడానికి రాసే ఫ్యూరోసమైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి కూడా పొటాషియాన్ని తగ్గించేవే. రెండూ కలిస్తే కాళ్లలో సత్తువ లేకపోవడం దగ్గర్నుంచి గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. డిగాక్సిన్ వాడేవాళ్లకు ఇది మరీ చెడ్డది. రెండు రోజులు చిన్న ముక్క చప్పరిస్తే ఏమీ కాదు, వారాల తరబడి రోజూ కషాయం తాగితేనే. దగ్గు సిరప్పులు, లేహ్యాల మీద ఇది యష్టిమధు అనే పేరుతో ఉంటుంది, చూసుకోండి.

విరేచనం సాఫీగా కావడానికి రోజూ సునాముఖి ఆకో, కలబంద చేదు పాలతో చేసిన మందో వాడినా పొటాషియం అలాగే పోతుంది. కొబ్బరి నీళ్ల సంగతి దీనికి ఎదురు. వాటిలో పొటాషియం ఎక్కువ. పొటాషియాన్ని ఒంట్లో నిలిపే టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడుతూ కిడ్నీలు కూడా బలహీనంగా ఉన్నవాళ్లు ఎండాకాలం రోజూ రెండు బొండాలు తాగితే పొటాషియం మితిమీరుతుంది.

సర్పగంధ నిజంగానే బీపీ తగ్గిస్తుంది. ముంబయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని మీద రాసిన వ్యాసంతోనే ప్రపంచానికి తెలిసింది. బీపీ మాత్రతో కలిపితే బీపీ మరీ పడిపోయి లేవగానే కళ్లు తిరగడం, మనసు దిగులుగా మారడం జరగవచ్చు. గుగ్గులు అయితే ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ అనే బీపీ, గుండె మందులు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పులకు యోగరాజ గుగ్గులు వేసుకునేవాళ్లు ఈ సంగతి గుండె డాక్టరుకు చెప్పాలి.

## మాత్రకూ కషాయానికీ మధ్య రెండు గంటల తేడా ఉంటే సరిపోతుందా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమంది తప్పుగా నమ్మేదీ ఇదే. సగం సందర్భాల్లో సరిపోతుంది, సగం సందర్భాల్లో ఏమాత్రం సరిపోదు.

సరిపోయేది ఎక్కడంటే, రెండూ పేగుల్లో కలిసినప్పుడు ఒకటి ఇంకొకదాన్ని పట్టి ఉంచే చోట. ఇసబ్‌గోల్ నీళ్లలో ఉబ్బి జిగురవుతుంది. మాత్ర దాంతోపాటే పడితే అందులో చిక్కుకుని రక్తంలోకి సరిగా ఎక్కదు. నానబెట్టిన మెంతుల జిగురు కూడా అంతే. ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే టీలోని వగరు పదార్థం ఇనుమును పట్టేస్తుంది. ఇక్కడ రెండు గంటల తేడా నిజంగా పనిచేస్తుంది.

సరిపోనిది రెండు చోట్ల. ఒకటి, రెండూ ఒకే పని చేసేటప్పుడు. ఇన్సులిన్ పొద్దున వేసుకుని కాకర రసం మధ్యాహ్నం తాగినా షుగరు తగ్గేది ఒక్క ఒంట్లోనే. ఎకోస్ప్రిన్ ప్రభావం రోజుల తరబడి రక్తంలో ఉంటుంది, దాన్ని గంటలతో తప్పించుకోలేం. రెండోది, మూలిక వెళ్లి కాలేయం, పేగుల్లో మందును విరగ్గొట్టే ఎంజైములనే మార్చేసినప్పుడు. మిరియాలు, పిప్పళ్లలోని పైపరిన్ ఆ ఎంజైములను నెమ్మది చేస్తుంది. ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు), ప్రొప్రనొలాల్, థియోఫిలిన్ (ఆయాసం మందు) మోతాదు మారకుండానే రక్తంలో వాటి స్థాయి పెరిగినట్టు మన దేశంలో జరిగిన పరీక్షల్లోనే తేలింది. ఈ గుణాన్నే మంచికి వాడుకుని రిఫాంపిసిన్ తక్కువ మోతాదుతో పైపరిన్ కలిపిన టీబీ మందు ఒకటి 2009లో భారత్ మార్కెట్‌లోకి వచ్చింది. కంపెనీ కొలిచి కలిపితే అది మందు. మనం శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటు చూర్ణం రోజూ చెంచాడు మింగి ఫిట్స్ మాత్ర కూడా వేసుకుంటే అది గుడ్డి లెక్క.

## థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. అశ్వగంధ మంచిదంటున్నారు?

అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. మాత్ర మోతాదు ఇప్పటికే సరిగ్గా ఉన్నవాళ్లకు అది ఎక్కువై గుండె దడ, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం మొదలుకావచ్చు. గ్రేవ్స్ వ్యాధిలా థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లయితే దాని జోలికే పోవద్దు. అది మత్తునూ ఇస్తుంది కాబట్టి నిద్రమాత్రలతో కలిపితే మరునాడు పొద్దున కూడా తూలుతారు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే. తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ, కషాయం, మెంతుల నీళ్లు ఏవీ వద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల తేడా.

## ఫిట్స్, మానసిక సమస్యలు, పార్కిన్సన్స్ మందులతో?

శంఖపుష్పి సిరప్ పిల్లల జ్ఞాపకశక్తికని పరీక్షల కాలంలో బాగా అమ్ముడవుతుంది. ఫెనిటాయిన్‌తో ఫిట్స్ అదుపులో ఉన్న ఇద్దరికి శంఖపుష్పి మందు తోడయ్యాక మళ్లీ ఫిట్స్ వచ్చాయి. దాంతో ఎలుకల మీద పరీక్షించి చూస్తే రక్తంలో ఫెనిటాయిన్ స్థాయి తగ్గినట్టు తేలింది. ఇది 1992లో అచ్చైన సంగతి. ఇప్పటికీ ఆ సిరప్‌ను చాక్లెట్ కొన్నట్టే కొంటున్నారు. ఫిట్స్ మందు వాడే బిడ్డకు జ్ఞాపకశక్తి టానిక్కులు ఏవైనా సరే, న్యూరాలజీ డాక్టరును అడిగాకే.

దూలగొండి గింజల్లో సహజంగానే లీవోడోపా ఉంటుంది. పార్కిన్సన్స్‌కు రాసే మాత్రలో ఉండేదీ అదే. కాబట్టి రెండూ కలిపితే మోతాదు పెరిగినట్టే లెక్క: ఒళ్లు దానంతటదే మెలికలు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం. మగవాళ్ల శక్తికని అమ్మే చూర్ణాల్లో కూడా ఈ గింజలు ఉంటాయి, అక్కడ వాటి పేరు కపికచ్చు లేదా కౌంచ్.

## తిప్పతీగ కషాయం లివర్‌కు చెడ్డదా? మరి పచ్చకామెర్లకు పసరు?

కరోనా కాలంలో తిప్పతీగ తాగని వీధి లేదు. ఆ తర్వాత ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న తీరును 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగను పోలిన వేరే జాతి తీగ కావచ్చంది. వాదన ఎటు తేలినా మనకు పనికొచ్చే జాగ్రత్త ఒకటే. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే గుణం దీనికి ఉంది కాబట్టి, కిడ్నీ మార్పిడి చేయించుకుని ఆ శక్తిని అణచే టాక్రోలిమస్ వాడేవాళ్లు, ఆ శక్తే సొంత ఒంటి మీద తిరగబడే కీళ్లవాతం, లూపస్ లాంటి వ్యాధులున్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలి.

పసరు విషయంలో ఇంకో చిక్కుంది. టీబీ మందుల వల్ల కొందరికి కామెర్లు వస్తాయి. కళ్లు పచ్చబడగానే చాలామంది పసరు పోసే ఊరికి బస్సెక్కుతారు, టీబీ మాత్రలు మాత్రం మింగుతూనే ఉంటారు. పసరు మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. కాలేయాన్ని దెబ్బతీస్తున్న మాత్ర లోపలికి పోతూనే ఉంది. టీబీ మందులు వాడుతూ కళ్లు పచ్చబడితే, అన్నం సయించక వాంతులైతే, అదే రోజు మందులిచ్చిన ఆసుపత్రికి వెళ్లండి. ఏది ఆపాలో, మళ్లీ ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లు చెబుతారు. హెపటైటిస్ ఎ లాంటి కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గేవి. పసరుకు వచ్చిన పేరులో పెద్ద వాటా దానిదే.

## కిడ్నీలు బలహీనంగా ఉన్నాయన్నారు. ఏవి అస్సలు వద్దు?

గాడిదగడపాకు, ఈశ్వరి వేరు. ఈ రెండు మొక్కల్లోనూ అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో ఇదే ఆమ్లం ఉన్న మూలిక పొరపాటున మందులో కలిసి పదుల మంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. అది మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. కిడ్నీలు బాగున్నవాళ్లు కూడా లోపలికి తీసుకోకూడదు.

రెండోది పాదరసం, సీసం కలిసే రసౌషధాలు, భస్మాలు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14టిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికిందని 2004లో అచ్చైంది. పద్ధతిగా శుద్ధి చేస్తే హాని ఉండదనేది ఆయుర్వేద వైద్యుల మాట. శుద్ధి ఎలా చేశారో పొట్లం చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

## సంతలో కొన్న పొడితో మోకాళ్ల నొప్పులు రెండు రోజుల్లో పోయాయి. ఇంకేం కావాలి?

అంత త్వరగా పోయాయంటే అనుమానించాలి. పేరు, లైసెన్సు లేని "నాటు" పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు నూరి కలపడం కొత్తేమీ కాదు. షుగరు పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మగతనం మందుల్లో సిల్డెనాఫిల్ కూడా బయటపడ్డాయి. గుండెకు నైట్రేట్ మాత్ర వాడే మనిషి తెలియక సిల్డెనాఫిల్ మింగితే బీపీ కుప్పకూలుతుంది.

స్టెరాయిడ్ కలిసిందనడానికి గుర్తులు: ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి పెరగడం, అదుపులో ఉన్న షుగరు, బీపీ ఒక్కసారిగా పెరగడం. నెలల తరబడి వాడి ఉంటే దాన్ని కూడా ఉన్నట్టుండి ఆపకూడదు. ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారు చేసే గ్రంథి అప్పటికే నిద్రపోయి ఉంటుంది. వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం వరకు పోతుంది. ఆ పొడి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడండి. ఆయుర్వేద ఔషధమైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏ మూలిక ఎంత అన్నది ఉండాలి. వైద్య పర్యవేక్షణలో వాడాలి అన్న హెచ్చరిక ఉంటే అందులో చట్టం ప్రకారం విషపదార్థాల జాబితాలో ఉన్న సరుకు ఉందని అర్థం. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మాత్రమే ఉంటే అది చట్టం లెక్కలో ఆహారం, మందు కాదు. దాని మీద "షుగరును మాయం చేస్తుంది" అని రాసి ఉంటే ఆ ఒక్క మాటే దాన్ని తిరిగి అరలో పెట్టేయడానికి చాలు.

## మృగశిర కార్తెకు చేప మందు వేయించుకుంటాం. ఇన్‌హేలర్ ఆపాలా?

ఆపకండి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి ఇచ్చే ఆ మందులో ఏముందో బయటికి చెప్పరు. కాబట్టి మీ మందులతో అది కలుస్తుందో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. నమ్మకం మీది, వెళ్లండి. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, రోజూ పీల్చే మోతాదు ఆరోజూ పీల్చండి. ఆ క్యూలో గంటల తరబడి నిలబడి, దుమ్ములో ఆయాసం వచ్చేవాళ్లకు అక్కడికక్కడ కావాల్సింది అదే.

## అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?

రెండున్నాయి. అక్కడ మామూలు షాపుల్లోనే దొరికే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక మనసు బాగోలేనివాళ్లు కొనుక్కుంటారు. అది ఎంజైములను పరుగెత్తించి వార్ఫరిన్, డిగాక్సిన్, గర్భనిరోధక మాత్రలు, హెచ్ఐవీ మందుల బలం తగ్గిస్తుంది. ఆపిన తర్వాత కూడా ఆ ప్రభావం దాదాపు రెండు వారాలు ఉంటుంది. గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరిలో కొత్త అవయవాన్ని కాపాడే సైక్లోస్పోరిన్ మందు స్థాయి దీనివల్లే పడిపోయి, ఒళ్లు కొత్త గుండెను తిప్పికొట్టిన సంగతి 2000లో స్విట్జర్లాండ్ వైద్యులు రాశారు. డిప్రెషన్ మాత్రలతో కలిపితే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా మితిమీరవచ్చు.

రెండోది గ్రేప్‌ఫ్రూట్. ద్రాక్ష కాదు, మన పంపరపనసకు సంతానమైన పెద్ద నారింజ జాతి పండు. ఫెలోడిపిన్ అనే బీపీ మందు స్థాయిని అది పెంచుతుందని 1989లో కెనడాలో యాదృచ్ఛికంగా బయటపడింది. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లు దాని రసం గ్లాసులకు గ్లాసులు తాగకూడదు. పంపరపనసలోనూ అలాంటి పదార్థాలే ఉన్నాయి. వినాయక చవితికి నాలుగు తొనలు తింటే కంగారు లేదు గానీ అవయవ మార్పిడి జరిగినవాళ్లు అదీ మానుకోవాలి.

## ఆపరేషన్ ఉంది. ఎప్పుడు ఆపాలి?

మూలికా మందులు, క్యాప్సూళ్లు రెండు వారాల ముందే ఆపమని మత్తు డాక్టర్లు సాధారణంగా చెబుతారు. పళ్లు తీయించుకోవడానికి వెళ్లినా చెప్పండి. డాక్టరు రాసిన మాత్రల సంగతి వేరు, వాటిలో ఏది ఆపాలో సర్జనే చెప్పాలి.

## డాక్టరుకు చెబితే తిడతారేమో?

కొందరు తిడతారు, నిజమే. అయినా చెప్పండి. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే చాలామంది "ఏమీ లేదండీ" అంటారు, కషాయాన్ని మందుగా లెక్కపెట్టరు కాబట్టి. అలా కాకుండా అడక్కముందే, "డాక్టరుగారూ, రెండు నెలల నుంచి పొద్దున ఈ పొడి ఒక చెంచా వేసుకుంటున్నాను, మీరు రాసిన మాత్రలతో ఇబ్బంది ఉంటుందా?" అని డబ్బా బల్ల మీద పెట్టండి. పేరు చెప్పడం కంటే డబ్బా చూపించడం మేలు. లేబులు ముందూ వెనకా ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే.

ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ఇంగ్లీషు మందుల చీటీ అలాగే చూపించాలి. మంచి బీఏఎంఎస్ డాక్టరు ఆ చీటీ చూడకుండా కలం పట్టరు. "అవన్నీ ఆపేసి నా మందు వాడు" అనేవాళ్ల దగ్గర కాసేపు ఆలోచించండి.

## తేడా చేస్తే ఎవరికి చెప్పాలి?

ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం అయితే ముందు 108. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీ, మూలిక డబ్బా, మిగిలిన పొడి కూడా తీసుకెళ్లండి.

ప్రాణం మీదికి రాని తేడా అయినా నమోదు చేయించండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఘాజియాబాద్ నుంచి నడుస్తుంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు, ఇంట్లోవాళ్లు కూడా నేరుగా చెప్పవచ్చు. ఆయుష్ మందుల కోసం విడిగా ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ జాతీయ కేంద్రంగా ఇలాంటి ఏర్పాటే ఉంది. మీకు దగ్గర్లోని ఆయుర్వేద కళాశాల ఆసుపత్రిలో అడిగితే ఫారం నింపడానికి సాయం చేస్తారు. అప్పుడు మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, తేడా కనిపించిన తేదీ, దాంతోపాటు వాడుతున్న మిగతా మందులన్నీ అడుగుతారు. డబ్బా పారేయకండి.